బ్రేకు మీద ఎవరి కాలు?

ఆడది బండి నడిపితే బ్రేకు మీద నుంచి కాలు తియ్యదట. ఈ మాట ముందు మెకానిక్ కొమురెల్లి అన్నాడు, తర్వాత మా అన్నయ్య అన్నాడు, ఆ తర్వాత నాకు ముఖపరిచయం కూడా లేని పాతికమంది అన్నారు. 1968 ఫిబ్రవరిలో ఒక వారం పాటు, తార్నాక నుంచి విద్యానగర్ దాకా నా కుడికాలు మీద అభిప్రాయం లేని మనిషి లేడు. ఆ కాలు నాది కాబట్టి దాని సంగతి నేనే చెబుతాను.

నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. తార్నాకలో అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. ఇంటి ముందు నా ఫియట్ ఉండేది. డబ్బు నాది, నడపడం నేర్చుకున్నది నేను, వారానికోసారి కడిగి తుడిచేదాన్నీ నేనే. కాగితం మాత్రం అన్నయ్య అచ్యుతరామయ్యది. ఆ రోజుల్లో కారుకి పేరు రాయించుకుంటే ఏళ్ల తరబడి కాచుక్కూర్చోవాలి. అన్నయ్య సెక్రటేరియట్ ఆఫీసరు కాబట్టి తన పేరు మీద తొందరగా వచ్చింది. "ఎవరి పేరైతే ఏముంది, ఇంట్లో బండే కదా" అన్నాడప్పుడు. ఇలాంటి మాటలు నమ్మకూడదని ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పరు.

మంగళవారం పొద్దున పది గంటలకి, ఆర్ట్స్ కాలేజీ ముందు పెద్ద రోడ్డు మీద, బండి బరువెక్కినట్లయి నిలిచిపోయింది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలదు. ముందు చక్రం దగ్గర పొగ లేచింది. కాలిన వాసన. క్లాసుకి పోతున్న కుర్రాళ్లు సరదాగా వచ్చి తోశారు. ఎనిమిదిమంది తోసినా అంగుళం కదల్లేదు. "మేడమ్, కాలు తియ్యండి" అన్నాడొకడు. నేను అప్పటికే దిగి వాడి పక్కనే నిలబడి ఉన్నాను. అయినా నవ్వారు. నేనూ ముఖం ఎర్రబడి చెట్టు కిందకి పోయాను. ముప్పావుగంట తర్వాత మళ్లీ ఎక్కితే, ఏమీ ఎరగనట్లు బండి కదిలింది.

ఆ సాయంత్రం బండిని కొమురెల్లి షెడ్డులో పెట్టాను. తార్నాక చౌరస్తా దాటి లాలాగూడ పోయే దారిలో రేకుల షెడ్డు ఆయనది. యాభై ఏళ్ల మనిషి. చుట్టుపక్కల కార్లున్న వాళ్లంతా ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. డిసెంబరు సెలవుల్లో నా బండికి బ్రేకుల్లోని రబ్బర్లన్నీ మార్చి కొత్తగా చేసిందీ ఆయనే.

బుధవారం పోయేసరికి నాలుగు చక్రాలూ జాకీల మీద లేపి ఉన్నాయి. ఆయన ఒక్కో చక్రాన్నీ అరచేత్తో తోసి చూపించాడు. నాలుగూ హాయిగా తిరిగాయి.

"టీచరమ్మా, బండిల ఖరాబేం లేదు. కాలు జర పైకి వెట్టి నడపాలె."

"నేను బ్రేకు తొక్కిపెట్టుకుని నడిపినానంటావా?"

"నేనంటలేను. బండి అంటున్నది."

నేను ఊరుకోలేదని, తన మాటకి సాక్ష్యంగా ఒక కథ కూడా చెప్పాడు. అంబర్‌పేటలో కట్టెల అడితి సేటు దగ్గర సమ్మయ్య అని వ్యాను డ్రైవర్ ఉండేవాడట. రెండేళ్ల కింద వాడూ ఇలాగే బ్రేకులు పట్టేస్తున్నాయని వచ్చి, నా కాలు కాదు ఉస్తాద్ అని మొత్తుకున్నాడట. వాడికి కాలు తియ్యడం రాదని కొమురెల్లే సేటుకి చెప్పాడు. సేటు మర్నాడే వాణ్ని తీసేశాడు. ఇప్పుడు కాచిగూడ స్టేషన్ ముందు రిక్షా తొక్కుతున్నాడు. తన మాటకి ఎంత విలువుందో చూపించడానికి చెప్పాడే గానీ, ఆ గొంతులో జాలి లేదు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెల చేసినవాడే ఆడేవాళ్లందరికీ కాళ్లు లేవంటున్నాడు అనుకున్నాను. పైకి అనలేదు. ఎందుకంటే రుజువు లేదు. రుజువు లేకుండా మాట్లాడితే నా స్టూడెంట్లకి నేను మార్కులు వెయ్యను.

ఆ రాత్రి అన్నయ్య విద్యానగర్ నుంచి వచ్చాడు. కబురు నాకంటే ముందే చేరింది. కాచిగూడలో లాడ్జి నడిపే ఒకాయన పాత బండి కోసం చూస్తున్నాడనీ, ఆదివారం పది గంటలకి వచ్చి చూసుకుంటాడనీ, తాను మాట ఇచ్చేశాననీ చెప్పాడు. అమ్మ కంచాలు పెడుతూ ఆగిపోయింది.

"రాజీ, నీకు చదువొచ్చు. బండి రాదు. రెండూ ఒకటి కాదమ్మా" అన్నాడు, నన్నేదో బుజ్జగిస్తున్నట్లు.

నాకు ముప్ఫై నాలుగేళ్లు. నాకు మండిపోయింది. క్యాంపస్ నాలుగడుగుల దూరమే, నడిచి పోగలను. బస్సులున్నాయి. కానీ అవసరం లేకపోతే నాది నాది కాకుండా పోతుందా? ఆ బండి ఎక్కి తలుపు వేసుకున్న క్షణం తప్ప, రోజంతా నేను ఎవరికో చెల్లెల్నీ, ఎవరికో కూతుర్నీ, ఎవరికో పెళ్లి కాని టీచరమ్మనీ. అందుకే అన్నం ముట్టకుండా చెప్పాను. ఆదివారం దాకా టైమియ్యి. తప్పు నా కాలిదైతే బండి నువ్వే అమ్ముకో, తాళాలు నేనే ఇస్తాను. కాకపోతే కాగితం నా పేరున రాయాలి. అన్నయ్య నవ్వి సరేనన్నాడు. మా అమ్మ వెంకటరమణమ్మ మాత్రం నవ్వలేదు. "ఇద్దరూ అన్న మాట నేను విన్నాను" అంది.

గురువారం నాకు మధ్యాహ్నం దాకా క్లాసుల్లేవు. మా ల్యాబ్ అటెండర్ సామేలుని పిలిచి ముందు సీట్లో కూర్చోమన్నాను. మేడమ్ పక్కన కూర్చోవడమా అని చాలాసేపు గింజుకున్నాడు. చివరికి చేతిలో కాగితం పెన్సిలు పెట్టాను. నేను బ్రేకు నొక్కినప్పుడల్లా ఒక గీత గియ్యాలి. కాలు తియ్యకుండా ఉంటే దాన్ని సున్నా చుట్టాలి. సామేలు చర్చిలో పాట పుస్తకం పట్టుకున్నంత శ్రద్ధగా కాగితం పట్టుకుని నా కాలి వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

షెడ్డు నుంచి తార్నాక, క్యాంపస్, లేడీస్ హాస్టలు, లైబ్రరీ, మళ్లీ వెనక్కి. రెండో చుట్టులో బండి బరువెక్కింది. కిందటిసారిలా చల్లారనివ్వకూడదు. నన్ను దొంగను చేసింది ఆ చల్లారడమే. రాత్రంతా షెడ్డులో నిలబడిన బండి పొద్దున చూస్తే ఏ పాపం ఎరగనట్లే ఉంటుంది. అందుకే ఆపి, సీసాలో తెచ్చిన నీళ్లు నాలుగు చక్రాల మీదా చల్లాను. నాలుగూ చుయ్‌మన్నాయి.

ఒక్క చక్రమే కాలితే తప్పు ఆ చక్రంలో ఉంటుంది. వెనకవి రెండే కాలితే హ్యాండ్‌బ్రేకు వైపు చూడాలి. నాలుగూ కాలాయంటే, నాలుగింటికీ కలిసిన చోటు ఒక్కటే. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో పోయి చక్రాలను పట్టుకుంటుంది. కాలు తీస్తే ఆ నూనె వెనక్కి రావాలి, చక్రాలను వదలాలి. కాలు తీసినా నూనె వెనక్కి రావడం లేదు. అంతే. దీనికి ఆడా మగా లేదు.

బండి ఈడ్చుకుంటూ, మూలుగుతూ షెడ్డు దాకా వచ్చింది. కొమురెల్లి చాయ్ తాగుతున్నాడు. గ్లాసు దింపకముందే నేను చెప్పాను, ఇప్పుడే, వేడి మీదే జాకీ ఎత్తమని. నా మొహం చూసి మారు మాట్లాడకుండా ఎత్తాడు. ముందు చక్రాన్ని అరచేత్తో తోశాడు. కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. కదల్లేదు. సామేలు కాగితం చూపించి, "పద్నాలుగు గీతలు. సున్నా ఒక్కటి లేదు. దేవుని తోడు" అన్నాడు.

నాకు కోపం వస్తే మా కడప యాస వస్తుంది. అప్పుడూ వచ్చింది.

"కొమురెల్లీ, నా రెండు కాళ్లూ నేల మీదుండాయి. చూస్తాండావు కదా. ఇప్పుడు బ్రేకు ఎవురు తొక్కుతాండారో చెప్పు."

పక్కన వేరే బండి కింద పని చేస్తున్న ఇద్దరు బయటికి వచ్చి చూస్తున్నారు. ఆయన పానా తీసుకుని చక్రం వెనక ఉన్న చిన్న నిప్పిల్‌ని పావు చుట్టు వదులు చేశాడు. నూనె చివ్వున చిమ్మి ఆయన చొక్కా మీద పడింది. అదే క్షణాన చక్రం వదులైపోయింది. వేలితో తోస్తే తిరిగింది. గొట్టాల్లో చిక్కుకుపోయిన ఒత్తిడే చక్రాలను పట్టుకుంది. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు. అందుకే చాలాసేపు ఆ చక్రాన్ని ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు.

మాస్టర్ సిలిండర్ ఊడదీస్తే లోపలి రబ్బరు వాషర్ ఉబ్బి, గోడలకి అతుక్కుపోయి ఉంది. నూనె వెనక్కి వచ్చే చిన్న రంధ్రాన్ని ఆ ఉబ్బిన రబ్బరే మూసేసింది. "రబ్బరు డూప్లికేట్. అఫ్జల్‌గంజ్‌ల తెచ్చిన సామాను" అన్నాడు. ఈసారి సికిందరాబాదులో అసలుది తెచ్చానని, కొత్త పొట్లం విప్పి, అందులోని రబ్బర్లు కొన్ని పక్కనున్న రేకు గిన్నెలో వేశాడు. గిన్నెలో కిరసనాయిలు, ఆయన మాటల్లో గ్యాస్‌నూనె.

నేను చెయ్యి పట్టుకున్నాను. కొత్త వాటిని ఎందుకు కడుగుతున్నావని అడిగాను. ఆయనకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పొట్లంలో దుమ్ముంటది, కడగకుండా బిగిస్తే పనితనం కాదన్నాడు. తన ఉస్తాద్ నేర్పింది అదేనట. బేరింగు అయినా, గొలుసు అయినా, రబ్బరు అయినా, చేతికొచ్చిన ప్రతి సామానూ గ్యాస్‌నూనెలో ముంచి తీసి బిగించడమే శుభ్రం. ఇరవై రెండేళ్లుగా అలా కడగని సామాను బండిలో పెట్టలేదని గర్వంగా చెప్పాడు. నిజమే, అంత శుభ్రంగా పనిచేసేవాడు ఆ చుట్టుపక్కల లేడు. చిక్కంతా అక్కడే ఉంది.

కిరసనాయిలు రబ్బరుకి ఏం చేస్తుందో నేను ఆ క్షణమే చెప్పగలను. చెప్పినా వినడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడికి నాలుగో కాలు చేతికి తగిలించాలి. అందుకే పొట్లంలో ఇంకా తడవని రెండు రబ్బర్లు అడిగి తీసుకున్నాను. రెండూ ఒకే సైజు. ల్యాబులో రెండు బీకర్లలో వేశాను. ఒకదాంట్లో బ్రేక్ ఆయిల్, ఒకదాంట్లో కిరసనాయిలు. మూతలు పెట్టి, ఎవరూ ముట్టకూడదని సామేలుకి చెప్పాను. సామేలు శుక్రవారమంతా వాటి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

శనివారం మధ్యాహ్నం బీకర్లు రెండూ షెడ్డుకి తీసుకుపోయాను. కొమురెల్లి మొదటి రబ్బరు తీసి తుడిచి సిలిండర్‌లో పెట్టాడు. బొటనవేలితో తోస్తే మెత్తగా జారింది. రెండోదాన్ని కిరసనాయిల్లోంచి తీశాడు. చేతిలోకి రాగానే ఆయన ముఖం మారింది. కంటికి ఆట్టే తేడా లేదు గానీ, ఇరవై రెండేళ్ల వేళ్లకి తెలిసిపోయింది. సిలిండర్ మూతికి పెట్టి నొక్కాడు. పోలేదు. తిప్పి నొక్కాడు. సగం పోయి ఇరుక్కుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయాల్సి వచ్చింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని రేకు గిన్నె వైపు చూశాడు. మెల్లగా అడిగాడు. "అంటే నా బండ్లన్ని గిట్లనేనా?"

నాకు గెలిచినట్లు అనిపించాలి. అనిపించలేదు. అన్ని బండ్లూ అలాగే అవ్వకపోవచ్చు, కడిగి తీసినంతసేపే కిరసనాయిలు తగిలితే కొన్ని గట్టెక్కి ఉంటాయి, ఎక్కువసేపు నానినవి మాత్రం ఉబ్బి ఉంటాయని చెప్పాను. ఏదో లెక్క వేసుకుంటున్నట్లు ఆయన పెదాలు కదిలాయి. ఏ లెక్కో నాకు తెలుసు. నేనే ఆ పేరు పలికాను.

"సమ్మయ్య వ్యానుకి కూడా బ్రేకులు నువ్వే చేసినావా?"

తల ఊపాడు.

ఆ సాయంత్రం నా బండిలోని రబ్బర్లన్నీ మళ్లీ కొత్తవి పడ్డాయి. నాలుగు చక్రాలవీ మార్చాడు. గొట్టాల్లో పాత నూనె మొత్తం వదిలేసి కొత్తది నింపాడు. రబ్బర్లను బ్రేక్ ఆయిల్‌లోనే ముంచి బిగించాడు. పోయేముందు ఒక మాట చెప్పాను. రేపు అన్నయ్య అడుగుతాడు. రబ్బరు డూప్లికేట్ అని చెప్పు, చాలు. నా కాలు కాదని తేలితే నాకంతే కావాలి. నీ చేతి సంగతి నేనెవరికీ చెప్పను.

ఆదివారం పది గంటలకి అన్నయ్యా, లాడ్జి ఆయనా వచ్చారు. అమ్మ కూడా బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడింది. కొమురెల్లిని నేను రమ్మనలేదు. ఆయనే ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, కొమురెల్లినీ లాడ్జి ఆయన్నీ వెనక కూర్చోబెట్టి, క్యాంపసంతా రెండుసార్లు తిప్పాను. ఆర్ట్స్ కాలేజీ ముందు కావాలనే ఆపాను. దిగి చక్రాల మీద నీళ్లు చల్లాను. నీళ్లు జారి కిందపడ్డాయి, అంతే. ఇంటికి వచ్చాక లాడ్జి ఆయనకి బండి చాలా నచ్చింది. అదొక ముప్పు.

అన్నయ్య ఆఫీసులో ఫైలు తిరగేసినట్లు అడిగాడు. బాగుచేశారు, సంతోషమే. చెడిందెందుకు? ఇవాళ బాగుంది, రెండు నెలల తర్వాత కాలు మళ్లీ కాలే కదా. "నువ్వు చెప్పు ఉస్తాద్. మొన్న నువ్వే కదా కాలన్నావు."

డూప్లికేట్ రబ్బరు అనే మాట కోసం నేను కాచుకున్నాను. అది అంటే ఎవరికీ నష్టం లేదు. లాడ్జి ఆయన చుట్టాలకే రెండు బండ్లున్నాయి, అవి కొమురెల్లి షెడ్డుకే వస్తాయి. ఆయన ముందు నోరు జారితే సోమవారానికి కాచిగూడ అంతా తెలుస్తుంది. కొమురెల్లి జేబులోంచి ఆ ఉబ్బిన రబ్బరు తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు.

"సార్, అమ్మ కాలు మంచిగనే ఉన్నది. ఖరాబైంది నా చెయ్యి. రబ్బరు సామాను గ్యాస్‌నూనెల కడిగిన. ఇరవై రెండేండ్ల సంది కడుగుతున్న. తప్పు బండ్లల్ల దొరకకపోతే కాళ్ల మీద ఏసిన."

లాడ్జి ఆయన దగ్గాడు. అన్నయ్య ఆ నల్లటి రబ్బరుని అటూ ఇటూ తిప్పి చూశాడు, దానిమీద ఇంకేదైనా రాసుందేమోనన్నట్లు. అప్పుడు అమ్మ లోపలికి పోయి సిరా పెన్ను తెచ్చింది. "మాటంటే మాటే అచ్యుతం" అంది. అన్నయ్య నా వైపు చూడకుండా, బానెట్ మీద కాగితం పెట్టి, బండి నా పేరున రాసి సంతకం చేశాడు. తోడుగా రెండు మంచి మాటలు అని ఉంటే నేనూ మెత్తబడేదాన్నేమో. అనలేదు. నేనూ మెత్తబడలేదు. విద్యానగర్‌కి దింపుతానని కూడా అనలేదు. ఇద్దరూ రిక్షా ఎక్కి పోయారు.

కొమురెల్లి ఇంకా నిలబడే ఉన్నాడు. కాచిగూడ దాకా తీసుకుపోతావా టీచరమ్మా అని అడిగాడు. ఎందుకని నేను అడగలేదు.

స్టేషన్ ముందు రిక్షాల వరసలో సమ్మయ్యని ఆయనే గుర్తుపట్టాడు. చిక్కిపోయిన మనిషి, హ్యాండిల్ మీద తువ్వాలు వేసుకుని ఒక కాలు మడుచుకుని కూర్చుని ఉన్నాడు. కొమురెల్లి దగ్గరికి పోయి, తోటి రిక్షావాళ్లందరూ వింటుండగా, అన్నయ్యకి చెప్పిన మాటే మళ్లీ చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. సమ్మయ్య తిట్టలేదు. చేతులు పట్టుకోలేదు.

"అప్పుడే చెప్పిన గద ఉస్తాద్. నా కాలు కాదని."

"చెప్పినవ్. నేనే ఇనలే. అంబర్‌పేట పోదాం నడువు. సేటు ముంగట కూడ చెప్తా."

సేటు మళ్లీ పని ఇస్తాడా లేదా ఎవరికీ తెలియదు. రెండేళ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకని తోసెయ్యవచ్చు కూడా. సమ్మయ్య రిక్షాని పక్కవాడికి అప్పగించి వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. నేను దిగి, తాళాలు అతని చేతిలో పెట్టాను. అతను తాళాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. నువ్వే నడపమన్నాను. నేను వెనక కూర్చున్నాను. కొమురెల్లి ముందు, అతని పక్కన, సామేలు కూర్చున్న చోటే కూర్చున్నాడు.

ఆదివారమైనా దారి పొడుగునా జనమే. అడ్డంగా వచ్చిన సైకిళ్లు, ఒక గేదె, ఆగి ఉన్న బస్సు. కొమురెల్లి తలెత్తకుండా సమ్మయ్య కుడికాలు వైపే చూస్తూ, వేళ్ల మీద లెక్కపెట్టాడు. సేటు అడితి ముందు బండి ఆగాక, నేను అడగకుండానే వెనక్కి తిరిగి చెప్పాడు. కాచిగూడ నుంచి అంబర్‌పేట దాకా సమ్మయ్య తొమ్మిదిసార్లు బ్రేకు నొక్కాడు. తొమ్మిదిసార్లూ కాలు తీశాడు.